చాలినన్ని నీళ్లు

మా ఆయన నాకు బాప్తిస్మం కాలేదని తేల్చిన పూట నేను మడవ చేపల పులుసు పెడుతున్నాను. పెళ్లయి రెండో ఏడు జరుగుతోంది. వసారాలో కూర్చుని బైబిలు చదువుకుంటున్న మనిషి లేచి, వంటింటి గడప దాకా వచ్చి నిలబడ్డారు.

"నీకు కాలేదు. నాకూ కాలేదు" అన్నారు.

"ఏం కాలేదండీ?"

"బాప్తిస్మం."

నేను పొయ్యిలోంచి కట్టె ఒకటి వెనక్కి లాగాను. "మరి చిన్నప్పుడు మా నాయన నాకు చేసింది ఏంది?"

"అది నీళ్లు చల్లడం."

అంతే చెప్పి వెళ్లి మళ్లీ చదువుకోసాగారు. ఆ రోజు పులుసులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. ఆయన గమనించలేదు.

ఇది యాభైల చివరి మాట. తడకు ఎగువన, పులికాట్ సరస్సు ఒడ్డునున్న ఒక పల్లెలో మిషన్ బడికి ఆయన హెడ్మాస్టరు. బడికి మొత్తం ఇద్దరు టీచర్లు. ఆ రెండో టీచరును నేను. మా నాయన ఆ చుట్టుపక్కల సంఘాలకు పాస్టరుగా పనిచేసి రిటైరయినవాడు. నా చిన్నతనంలోనే అమ్మ పోతే, నన్ను బోర్డింగులో పెట్టి చదివించి, టీచరు ట్రైనింగు చేయించి, వాక్యం బాగా తెలిసిన పిల్లవాడు కావాలని ఊరూరా వెతికి ఈయనకిచ్చి చేశాడు. తర్వాత జరిగినదానికి ఎవరినైనా అనాలంటే ముందు నాయననే అనాలి.

వాక్యం ఈయనకు మామూలుగా తెలియడం కాదు. ఏ సంగతి వచ్చినా ఈయన అడిగే ప్రశ్న ఒక్కటే: "గ్రంథంలో ఉందా?" ఉంటే చేసేవారు. లేకపోతే మానేసేవారు. విశ్వాసి మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుండాలని చదివిన దగ్గర్నుంచి ఆయనతో మాట్లాడటం కష్టమైపోయింది. బళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చి, "వానొస్తే కప్పు కారుతుందా?" అని అడిగితే "అవును" అన్నారు. "ఎక్కువగానా?" అంటే "అవును" అన్నారు. "మేనేజరు గారికి చెప్పారా?" అంటే "కాదు" అన్నారు. 'లేదు' అనే జవాబుకు గ్రంథంలో అనుమతి లేదని ఆయన లెక్క. ఇన్‌స్పెక్టరు నా వైపు చూశాడు. నేను ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తూ తల వంచుకున్నాను.

అలాంటి మనిషి పలకలు కొనడానికి సూళ్లూరుపేట వెళ్లి, అక్కడ పందిరి వేసి కూటాలు పెట్టిన ఒక బోధకుడి మాట విన్నారు. మదరాసు వైపు నుంచి వచ్చిన మనిషి. బాప్తిస్మం అంటే నిండా మునగడమేననీ, అదీ పెద్దయ్యాక, తనంతట తాను నమ్మి మునగాలనీ ఆయన బోధ. మా మిషన్‌లో పసిబిడ్డల నెత్తిన పాస్టరు మూడుసార్లు నీళ్లు చల్లడమే వాడుక. మా ఆయన పలకలు మరిచిపోయి ఆ ప్రశ్న ఒక్కటే మోసుకుని ఇంటికొచ్చారు. ఆ పైన కొన్నాళ్లు కొత్త నిబంధనంతా వెతికారు. చల్లడం ఎక్కడా దొరకలేదు. పులుసు పెట్టిన పూట వెతకడం పూర్తయిన పూటన్నమాట.

సంగతి నాయన చెవిన పడింది. నాయన నడిచి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, ప్రార్థన చేసి, భోజనానికి కూర్చుని మొదటి ముద్ద కలిపాక మొదలుపెట్టాడు.

"అబ్బయా, నేను పోసిన నీళ్లు చాల్లేదంటా ఉండావంట గదా."

"అనేది నేను కాదు మామా. గ్రంథం అంటా ఉంది. యోహాను బాప్తిస్మం ఇచ్చిన చోట నీళ్లు విస్తారంగా ఉండినాయని రాసుండాది. చల్లేదానికి విస్తారం ఎందుకు? చెంబెడు చాలు గదా."

"జనం విస్తారంగా వచ్చుంటారు. గాడిదల్ని తోలుకోని వచ్చుంటారు. అవి తాగొద్దా?"

"గాడిదల సంగతి రాయలేదు."

"చెంబు సంగతీ రాయలేదు" అన్నాడు నాయన.

పెరుగన్నం అయ్యేదాకా అలాగే సాగింది. ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచలేదు. ఇద్దరూ మారు వడ్డించుకున్నారు. నాయన వెళ్లేటప్పుడు నేను వీధి మలుపు దాకా వెంట వెళ్లాను.

"ఏం నాయనా, ఆయన చెప్పేది నిజమేనా?"

నాయన తువ్వాలు భుజాన సర్దుకున్నాడు. "వాడు చదివింది తప్పు కాదు. నేను చేసిందీ తప్పు కాదు. ఈ రెండూ యాడ కలస్తాయో నాకు తెలవదు. నువ్వు వానికి వేళకు అన్నం పెట్టు."

నాకు ఆ జవాబు చాల్లేదు. ఆయన మాటే నిజమైతే నా ఒక్కదాని సంగతి కాదు. నాయన ఎండలో, బురదలో పల్లెలు తిరిగి నీళ్లు చల్లిన ప్రతి నెత్తీ పొడినెత్తే అవుతుంది. మిషన్ సమాధుల దొడ్డిలో పడుకున్న మా అమ్మ కూడా. రాత్రిళ్లు పక్కలో ఉన్న మనిషితో ఈ మాట అనలేకపోయేదాన్ని. అంటే ఆయన "అవును" అంటారని భయం.

బోధకుడు మా ఊరికి నడి వేసవిలో వచ్చాడు. పొట్టి మనిషి, తెల్లబట్టలు, పెద్ద గొడుగు. సరస్సు చూడాలంటే వేసవిలో కాదు. నీళ్లు ఎక్కడికో వెనక్కి పోయి, ఒడ్డంతా ఉప్పు పేరిన బురద పర్ర మిగులుతుంది. మా ఆయన బాప్తిస్మానికి ముందురోజు నాయన వచ్చి చెప్పి చూశాడు.

"వానలు పడిందాకా ఆగకూడదా అబ్బయా?"

"గ్రంథంలో ఆ ఐతియొపీయుడు బాప్తిస్మానికి ఆగలేదు మామా. దారిలో నీళ్లు కనపడంగానే రథం దిగినాడు."

"వానికి నీళ్లు కనపడినాయి" అన్నాడు నాయన.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. నేను వెళ్లకపోతే ఊళ్లో మాట్లాడుకుంటారని వెళ్లాను. పొడి బట్టలు ఎవరో ఒకరు పట్టుకోవాలి కూడా. సరస్సు గట్టు మీద నాయన నిలబడి ఉన్నాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. నా చేతిలోని బట్టల మూట తీసుకుని, "వట్టి మనిషివి కాదు, నీకెందుకు బరువు" అన్నాడు. అప్పటికి నాకు మూడో నెల.

బోధకుడూ మా ఆయనా నీళ్లలోకి దిగారు. చీలమండల దాకా వచ్చాయి. నడిచారు. చాలాసేపు నడిచాక మోకాళ్ల దాకా వచ్చాయి. ఇంకా నడిస్తే మళ్లీ చీలమండలకు దిగాయి. బోధకుడు కుడివైపు చూపిస్తే కుడివైపు వెళ్లారు, మా ఆయన ఎడమవైపు చూపిస్తే ఎడమవైపు వెళ్లారు. ఎర్రకాళ్ల కొంగలు కాస్త పక్కకు జరిగి మళ్లీ మేతలో పడ్డాయి. వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన పడవ గడ ఆపి చాలాసేపు చూశాడు.

"అయ్యోరా! ఏం పారేసుకున్నారు? నేనూ ఎతకనా?" అని కేక వేశాడు.

"లోతు కోసం చూస్తా ఉండాం అన్నా!" అన్నారు మా ఆయన.

"ఈడ లోతు యాడుంది? ఎండాకాలం ఎద్దులబండి పోతాది ఇందులో. లోతు గావాలంటే పడవలు పొయ్యే కాలవకాడికి పోవాల. ఎక్కండి."

అందరం ఎక్కాం. నాయన కూడా ఎక్కాడు. పడవాయన గడ వేస్తూ, ఎందుకని అడిగాడు. మా ఆయన పాత మనిషి చచ్చి కొత్త మనిషి లేవడం గురించి వివరించారు. పడవాయన శ్రద్ధగా విన్నాడు. "అయితే చలవబట్టలు వేసుకోని రావాల్సింది గదా" అన్నాడు.

పడవలు పోయే దారిలో నీళ్లు నల్లగా ఉన్నాయి. మా ఆయన దిగితే రొమ్ము దాకా వచ్చాయి. బోధకుడు దిగితే గడ్డం దాకా వచ్చాయి. గొడుగు నా చేతికిచ్చి, మెడ పైకెత్తి ప్రార్థన చేశాడు. ఉప్పునీళ్లు నోట్లోకి పోతుండటం వల్ల ప్రార్థన కురచగా ముగిసింది. మా ఆయన మా ఊరిలోకెల్లా పొడగరి. బోధకుడు ఆయన వీపు కింద చెయ్యి వేసి వెనక్కి వాల్చబోతే వాలలేదు. భుజాలు పట్టి వేలాడితే కాస్త వాలారు. మునిగి లేచారు.

"నెత్తి మునిగిందా?" అని అడిగారు మా ఆయన కళ్లు తుడుచుకుంటూ.

"మునిగింది" అన్నాడు బోధకుడు.

"లేదు" అన్నాడు నాయన పడవలోంచి. "నడినెత్తి తేలింది. నేను చూసినా."

అందరూ నాయన వైపు చూశారు. మా ఆయన నడినెత్తి తడుముకున్నారు. అక్కడి జుట్టు పొడిగానే ఉన్నట్టుంది.

"అన్నా, నువ్వొక చెయ్యెయ్యి" అన్నాడు నాయన పడవాయనతో. ఆయన సంతోషంగా వంగి, బోధకుడు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అనే మూడు నామాలు చెబుతుండగా, వెడల్పాటి అరచెయ్యి మా ఆయన నెత్తిన పెట్టి కిందికి అదిమాడు. నేను వద్దు వద్దు అనేదాకా తియ్యలేదు.

"ఇప్పుడు మునిగినాడు" అన్నాడు నాయన. మా ఆయన దగ్గుతూ పైకొస్తే తువ్వాలు అందించాడు. ఒడ్డుకు వచ్చాక నేను ఉండబట్టలేక అడిగాను, ఆ మాట ఎందుకు చెప్పావని. "చేసేదేదో సరిగ్గా చెయ్యాల గదా" అన్నాడు.

మిషన్ స్కూళ్ల మేనేజరు గారు వారం తిరక్కముందే వచ్చారు. మర్యాదస్తుడు. మా వసారాలో కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ తాగి, "రెండోసారి ఎందుకు తీసుకున్నారు మాస్టారూ?" అని అడిగారు.

"రెండోసారి కాదు. మొదటిది కాలేదు కాబట్టి ఇది మొదటిదే."

"మన పాస్టరు చేసింది చెల్లదంటే, మీ పెళ్లి కూడా మన పాస్టరే చేశారు. అది చెల్లుతుందా?"

మా ఆయన ఆలోచించారు. నేను తలుపు వెనక ఉన్నాను. "దాన్ని గురించి ఇంకా చదవలేదు" అన్నారు.

అప్పట్నుంచి ఆయనకు చద్దన్నమే పెట్టాను. మేనేజరు గారు ఆయన దగ్గర బడి తాళాలు తీసుకుని నాకిచ్చి వెళ్లారు. అలా నేను ఆ బడికి హెడ్మిస్ట్రెస్సునయ్యాను. రెండో టీచరు ఎవరూ దొరకలేదు.

పెళ్లి సంగతి ఆయన చదివారు. కానా ఊరి పెళ్లికి పిలవగానే ప్రభువు వెళ్లాడే గానీ, చేసిందెవరని అడగలేదని, కాబట్టి మాది చెల్లుతుందని పది రోజుల తర్వాత వచ్చి చెప్పారు. నేను సరేనన్నాను. వేడన్నం పెట్టాను.

ఇక ఆయన పొద్దున లేస్తే సరస్సు ఒడ్డు పాళేలన్నీ తిరిగేవారు. జాలరుల పిల్లలకు పాకలో అక్షరాలు చెప్పేవారు, పెద్దలకు వాక్యం చెప్పేవారు. వాళ్లు ఆయన్ని చాలా ఇష్టపడ్డారు. రొయ్యలు ఇచ్చి పంపేవారు. చెప్పినదంతా విని, "మంచి మాట అయ్యోరా" అని, గంగమ్మ జాతరకు ఆయన్ని ముందు వరసలో కూర్చోమనేవారు. ఆయన వెళ్లకపోతే నొచ్చుకునేవారు. ఆ ఏడాది ఆయన కష్టానికి మారుమనస్సు పొందింది ఒక ముసలామె. ఆమెకు చెముడు. ఆయన ఏం చెప్పినా తల ఊపేది. అయినా ఆమె బాప్తిస్మం నాడు ఆయన ముఖం నేను చూశాను. నా పెళ్లినాడు కూడా ఆ ముఖం అంత వెలగలేదు.

మా కాపురంలో అసలు ప్రశ్న నా కడుపులో పెరుగుతోంది. పుట్టే బిడ్డకు నీళ్లు చల్లాలా, వద్దా? నాయన గ్రంథంలోని చెరసాల నాయకుడి కథ తీశాడు, భూకంపం వచ్చిన రాత్రి నమ్మినవాడి కథ. ఆ ఇంటిల్లిపాదికీ ఒకేసారి బాప్తిస్మం ఇచ్చారు, ఇల్లన్నాక పసిబిడ్డ ఉండదా అని. వాళ్లంతా నమ్మి ఆనందించారని కూడా రాసుంది, పసిబిడ్డ ఎట్టా నమ్ముతాదని ఈయన. నా ఎదుటే ఈ వాదన జరిగేది. నన్ను ఎవరూ అడగలేదు. ఆ ఇంటి తల్లిని గురించి మాత్రం ఆలోచించేదాన్ని. భూకంపం వచ్చిన రాత్రి ఆమె ఎవరిని ఎత్తుకుని బయటికి పరుగెత్తి ఉంటుందని.

వానలు మొదలయ్యాక ఆడపిల్ల పుట్టింది. మా ఆయన బిడ్డను ఎత్తుకుని, ప్రభువు పిల్లల్ని చేతుల్లోకి తీసుకుని దీవించినట్టు దీవించారు. నీళ్ల మాట ఎత్తలేదు. నాయన వస్తే చూద్దామని నేనూ ఎత్తలేదు. నాయన అప్పుడు నాయుడుపేటలో జబ్బుగా ఉన్న తమ్ముడి దగ్గర ఉన్నాడు.

నెల తిరగకుండానే బిడ్డకు జ్వరం పట్టుకుంది. మర్నాటికి మూర్ఛలు. తుపాను గాలి. రోడ్డు తెగిపోయింది. పడవ మీద తప్ప సూళ్లూరుపేట ఆస్పత్రికి దారి లేదు. మా ఆయన వానలో పడవాయన ఇంటికి పరుగెత్తి వెళ్లి, ఒంటరిగా తిరిగి వచ్చారు.

"గాలి కొంచెం తగ్గాలంట. ఇప్పుడు దిగితే పడవ నిలవదంట."

బిడ్డ కళ్లు తేలేసింది. గోళ్లు నీలమయ్యాయి. మా సంఘంలో ఒక నియమం ఉంది: చావు ముంచుకొస్తే పాస్టరు కోసం చూడనక్కర్లేదు, నమ్మినవాళ్లు ఎవరైనా బాప్తిస్మం ఇవ్వచ్చు, ఆడవాళ్లయినా సరే. ఆ సంగతి నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

"నాకు నీళ్లు కావాల" అన్నాను.

ఆయన కదలలేదు. "గ్రంథంలో పసిబిడ్డలకు..." అని మొదలుపెట్టారు.

"నాకు తెలుసు. నేనూ చదివినా."

ఆయన నా వంక చూశారు, బిడ్డ వంక చూశారు. లోపలికి వెళ్లి తాగేనీళ్ల కుండలోంచి చెంబు ముంచుకుని వచ్చి నా పక్కన పెట్టారు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆయన నాకు చెంబెడు నీళ్లు తెచ్చిచ్చింది అదే మొదలు. పెట్టి, తలుపు దగ్గరికి లాగి, పెరట్లోకి వెళ్లిపోయారు.

నేను మూడు నామాలూ చెప్పి నీళ్లు పోశాను. కొన్ని నీళ్లు బిడ్డ చెవిలోకి పోయాయి, తుడిచాను. ఏమీ జరగలేదు. బిడ్డ అలాగే ఉంది. నాకు మాత్రం ఊపిరి ఆడింది. గాలి తగ్గినట్టనిపించి పెరటి తలుపు తీస్తే, ఆయన జల్లులో ఇసుకలో మోకాళ్ల మీద ఉన్నారు. మేక ఆయన తువ్వాలు చెంగు నములుతోంది. ఆయనకు తెలియలేదు.

పడవాయన వచ్చాడు. అవతలి ఒడ్డున అలల తాకిడికి పడవ ఆనలేదు. మా ఆయన బిడ్డను గోనెపట్టాలో చుట్టి, రెండు చేతులా నెత్తి మీదికి ఎత్తుకుని దిగారు. వాననీళ్లతో సరస్సు నిండి ఉంది. నీళ్లు ఆయన గడ్డం దాకా వచ్చాయి. ఒకచోట కాలు జారి ఆయన తల మొత్తం మునిగింది. చేతులు మాత్రం పైనే ఉన్నాయి. నేను పడవలోంచి చూస్తున్నాను. ఆయన లేచి, ఊపిరి తీసుకుని, మళ్లీ నడిచారు. ఒడ్డెక్కాక గోనెపట్టా విప్పి చూస్తే బిడ్డ మీద కొత్తగా ఒక్క చుక్క పడలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇంజెక్షన్లు ఇచ్చింది. మూడో రోజుకు జ్వరం దిగింది, బిడ్డ పాలు తాగింది. ఎవరి ప్రార్థన పనిచేసిందని మేం మాట్లాడుకోలేదు. ఆయన డాక్టరమ్మకు నమస్కారం పెట్టి, "మీరు చేసిన పని లూకా కూడా చేసేవాడమ్మా, ఆయనా వైద్యుడే" అన్నారు. ఆమె సువార్త రాసిన లూకా అని తెలియక, ఆ పేరు గల డాక్టరెవరో ఉన్నారనుకుని తల ఊపింది.

నాయన పరుగున వచ్చాడు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని, మా ఆయన బయటికి వెళ్లాక నన్ను అడిగాడు.

"మూడు నామాలు చెప్పినావా?"

"చెప్పినా."

"నీళ్లు తగిలినాయా?"

"చెవిలోకి కూడా పోయినాయి."

"చాలు" అన్నాడు.

ఆ తర్వాత సంవత్సరాల్లో పక్క ఊళ్లో పంచాయతీ సమితి వాళ్లు బడి పెట్టి మా ఆయనకు ఉద్యోగం ఇచ్చారు. ఆ బడిలో ఎవరి బాప్తిస్మం ఏదని అడిగేవాళ్లు లేరు. ఆదివారాలు నేను బిడ్డను తీసుకుని మా మిషన్ గుడికి వెళ్లేదాన్ని, ఆయన తన కూటానికి వెళ్లేవారు. బిడ్డకు ఇంకా బాప్తిస్మం కాలేదని ఆయన లెక్క, అయిందని నా లెక్క. బిడ్డకు రెండు చోట్లా పాటలు వచ్చేవి.

అరవైల నడుమ నాయన పోయాడు. మిషన్ సమాధుల దొడ్డిలో అమ్మ పక్కనే చోటు. ఒడ్డు నేల, ఎంత తవ్వితే అంత ఇసుక జారుతుంది. తవ్వేవాళ్లు విసిగి కూర్చుంటే మా ఆయన చొక్కా విప్పి గుంటలోకి దిగారు. గోడలు జారకుండా తాటిమట్టలు అడ్డం పెట్టి నడుం లోతు, ఆ పైన భుజం లోతు తవ్వారు. ప్రార్థన చేసే హక్కు ఆ దొడ్డిలో ఆయనకు లేదు. కొత్త పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే, పార పట్టుకుని చివర నిలబడ్డారు.

తిరిగి వస్తుంటే దారిలో అన్నారు, "మామ ప్రభువు దగ్గర ఉండాడు."

"అంత గట్టిగా చెప్తా ఉండారే. చల్లుడు బాప్తిస్మంతోనే?" అన్నాను. ఏడ్చి ఏడ్చి ఉన్నాను, మాట కటువుగానే వచ్చింది.

ఆయన ఆగారు. కాళ్లకూ చేతులకూ ఇంకా తడి ఇసుక అంటుకుని ఉంది. అవుననలేదు, కాదనలేదు. "అది వెతకాల" అన్నారు.

ఆ వానాకాలమంతా వెతికారు. బడి నుంచి రాగానే వసారాలో కూర్చుని, ఆదికాండం దగ్గర మొదలుపెట్టి చదివారు. దొరికిందో లేదో చెప్పలేదు. ఒక సాయంత్రం మాత్రం గ్రంథం మూసి కూతుర్ని పిలిచి, "మీ తాత నాకు తువ్వాలిచ్చిన సంగతి చెప్తా, రా" అన్నారు. అది వసారాలోకొచ్చి కూర్చుంది. నేను పొయ్యి దగ్గర్నుంచి వింటున్నాను. నడినెత్తి తేలిన సంగతి కూడా దాచకుండా చెప్పారు.